రెండు కర్రలూ ఒక చుక్కా

శౌరి వేసిన బొమ్మకు తిరువూరులో వచ్చిన మొదటి విమర్శ, ఇరవైకి ఒక మార్కు.

ఇచ్చింది రిబ్కా. ఎ.కొండూరు ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. రోజూ పిల్లల పలకల మీద మార్కులు వేసే చెయ్యి కాబట్టి, గోడకు వేలాడుతున్న కాన్వాసు కింది మూలలో 1/20 అని కనిపించగానే ఆమెకు వేరే అర్థం తోచలేదు.

"మార్కులు మీరే వేసుకున్నారా?" అని అడిగింది.

శౌరి రంగు డబ్బా మూత బిగిస్తూ తలెత్తాడు. "మార్కులు కాదండి, నంబరు. ఇరవైలో మొదటిదని."

"అంటే ఇలాంటివి ఇంకా పంతొమ్మిది ఉన్నాయా?"

"లిమిటెడ్ ఎడిషన్ అండి. ఇరవై కంటే ఒక్కటి కూడా ఎక్కువ వెయ్యను."

"మంచి పని చేస్తున్నారు. ఊరు తట్టుకోవాలి కదా," అంది రిబ్కా.

ఆ తర్వాత వచ్చిన పని చెప్పింది. వాళ్ళ చర్చిలో కోత పండుగ. వేదిక వెనక కట్టడానికి ఒక పెద్ద బ్యానరు కావాలి. వరి కంకులూ, గుమ్మడికాయలూ, పైన స్వాగతం అన్న మాట. చుక్కలూ కర్రలూ అక్కర్లేదని ప్రత్యేకంగా చెప్పి, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. శౌరి ఆమె వెళ్ళిన వైపు చూస్తూ ఉండిపోయాడు. చేతిలో ఉన్న మూత డబ్బాకు సరిపడేది కాదని చాలాసేపటికి తెలిసింది.

బస్టాండు రోడ్డులో 'శౌరి ఆర్ట్స్' అంటే ఒక గది. పెళ్ళి కార్డులు, ఎరువుల కొట్ల గుడ్డ సంచులు, పార్టీల జెండాలు అక్కడ అచ్చయ్యేవి. చెక్క చట్రానికి సిల్కు గుడ్డ బిగించి, దాని మీద రంగు పోసి, రబ్బరు పట్టీతో లాగితే అడుగున బొమ్మ పడుతుంది. ఎలక్షన్లప్పుడు శౌరి చేతులు ఒకనాడు ఒక పార్టీ రంగులోనూ, మర్నాడు ఇంకో పార్టీ రంగులోనూ ఉండేవి. రెండు పార్టీలవాళ్ళూ అతన్ని తమవాడే అనుకుని, ఇద్దరూ బాకీ పెట్టేవారు.

ఇలా ప్రశాంతంగా బతుకుతున్నవాడికి 1978 ఎండాకాలంలో విజయవాడలో బుద్ధి మారింది. రంగులు కొనడానికి వెళ్ళి, బస్సుకు టైముందని ఎగ్జిబిషన్‌లోకి దూరాడు. అక్కడ ఒక డేరాలో టీవీ పెట్టి, దాని పక్కన 'వీడియో గేమ్' అని బోర్డు కట్టారు. నల్లటి తెర మీద ఈ చివర ఒక తెల్ల కర్ర, ఆ చివర ఒక తెల్ల కర్ర, మధ్యలో అటూ ఇటూ పరిగెత్తే చుక్క. బిరడా తిప్పితే కర్ర పైకీ కిందికీ జరుగుతుంది. చుక్క కర్రకు తగిలితే టిక్కుమంటుంది, తగలకపోతే ఓడిపోయినట్టు. ఆటంతా అంతే. వెనక నిలబడ్డవాళ్ళు చొక్కా పట్టుకుని లాగితేగాని శౌరి దాని ముందు నుంచి కదల్లేదు.

అదే రోజున పాత కాగితాల కొట్లో అతనికి ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. అందులో ఒకే వస్తువు బొమ్మను నాలుగు గళ్ళలో నాలుగు రంగుల్లో అచ్చువేసి, దీన్ని పాప్ ఆర్ట్ అంటారని రాశారు. కాన్వాసు మీద కొన్నే అచ్చులు తీసి, నంబర్లు వేసి, ఆ పైన వెయ్యరట. ఈ రెండూ శౌరి బుర్రలో కలిశాయి. విడివిడిగా ఉంటే ఏ ప్రమాదమూ ఉండేది కాదు.

ఫలితంగా తలుపంత కాన్వాసు మీద నాలుగు గళ్ళు వెలిశాయి. గులాబీ మీద పసుపు కర్రలు, నీలం మీద నారింజ కర్రలు, పచ్చ మీద ఎరుపు, నలుపు మీద తెలుపు. ప్రతి గడిలో ఒక చుక్క. టీవీయే చూడని ఊరికి టీవీలో ఆడే ఆట బొమ్మ. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఊరంతటికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఎరువుల వెంకటప్పయ్య గారు అవి బోరింగు పైపులా అని అడిగారు. శౌరి తల్లి అంతోనమ్మకు పాప్ ఆర్ట్ అన్న మాట 'పాపార్టు'గా వినబడింది. ఆవిడ సిలువ గుర్తు వేసుకుని, ఈ ఆదివారమే వెళ్ళి ఫాదర్ గారి దగ్గర నీ పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చెయ్యరా అంది. ఒక్కటీ అమ్ముడుపోలేదు.

రిబ్కా బ్యానరు కోసం శనివారం సాయంత్రం వచ్చింది. కార్తీక మాసంలో రాకూడని వాన, తనకు తెలియనట్టే కురుస్తోంది. గొడుగు మడుస్తుంటే ఆమె కనురెప్పల మీద రెండు చినుకులు నిలిచాయి. శౌరి వాటినే చూస్తూ, నూనె కాగితంలో చుట్టి పెట్టిన గుడ్డ చుట్టను అందించాడు. అలాంటి చుట్టలు బల్ల మీద రెండున్నాయి; వాన చెమ్మకని గోడ మీది కాన్వాసును కూడా దించి చుట్టేశాడు. ఆ తర్వాత జరిగినదానికి కారణం వాన అని శౌరి అంటాడు. మొద్దుతనం అని రిబ్కా అంటుంది. ఆ రెండు చినుకుల సంగతి ఇద్దరూ ఎత్తరు.

ఆదివారం చర్చి నిండా జనం. రంగు తడి ఆరలేదేమో, విప్పితే చేతులకు అంటుకుంటుందని చుట్టను అలాగే వేదిక వెనక పైకి కట్టారు. పాస్టరు గారు ప్రార్థన చేసి తాడు లాగారు. గుడ్డ జారింది. వరి కంకుల చోట రెండు కర్రలు, గుమ్మడికాయ చోట ఒక చుక్క, నాలుగు రంగుల్లో, దేవుని సన్నిధిలో.

ముందు వరసలో కూర్చున్న రిబ్కా తలొంచుకుంది. పాస్టరు గారు అనుభవజ్ఞులు. తుఫానుల్లోనూ, కమిటీ మీటింగుల్లోనూ గొంతు తొణకనివారు. ఒక్క క్షణం గుడ్డ వంక చూసి, ఒక కర్ర ఇచ్చే చెయ్యి, ఒక కర్ర పుచ్చుకునే చెయ్యి, మధ్యలో ఉన్నది విత్తనపు గింజ అని మొదలుపెట్టారు. ముప్పావు గంట మాట్లాడారు. అంత మంచి ప్రసంగం ఆ చర్చిలో ఎన్నడూ విన్లేదని జనం ఇప్పటికీ అంటారు. రిబ్కాకు మాత్రం ఒక్క ముక్క వినబడలేదు. శౌరిని ఏయే మాటలతో కడగాలో వరస కట్టుకుంటోంది.

కోత పండుగలో కానుకలకు వేలం ఉంటుంది. కోడిపుంజు, అరటిగెల, మునక్కాయల కట్ట అయిపోయాక, ఈ గుడ్డ కూడా ఎవరో కానుకగా ఇచ్చిందేననుకుని వేలంపాటకు పెట్టారు. స్త్రీల సమాజం ప్రెసిడెంటు సామ్రాజ్యం గారు పాట మొదలుపెట్టింది. రిటైరైన నర్సు ఆవిడ. ఇంజక్షన్ ఇచ్చినా మాట ఇచ్చినా అవతలివాళ్ళకు నొప్పి తెలియాలన్నది ఆవిడ పద్ధతి. ఆవిడ పాడితే పైపాట పాడకుండా ఉండలేని మనిషి ఒకరున్నారు. రిటైర్డ్ హెడ్మాస్టరు ఏసురత్నం గారు, రిబ్కా తండ్రి. ఇద్దరూ చర్చి కమిటీలో ఏ విషయంలోనూ ఒక్కటైనవాళ్ళు కారు. ఏం కొంటున్నారో ఇద్దరికీ తెలియదు. అయినా పాట కోడిపుంజును దాటింది, అరటిగెలను దాటింది. చివరికి ఏసురత్నం గారు గెలిచి, గుడ్డను చంకలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళారు. ఆయన భార్య మేరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, హాల్లో గోడ మీది చెమ్మ మరకకు కొలత సరిపోయిందని అక్కడే తగిలించింది.

సోమవారం రిబ్కా ఎ.కొండూరు బస్సు దిగి నేరుగా శౌరి ఆర్ట్స్‌కు వచ్చింది. కట్టుకున్న వరస అంతా అప్పజెప్పింది. శౌరి మధ్యలో అడ్డు రాలేదు. బ్యానరుకు ఇచ్చిన డబ్బు తిరిగిచ్చేస్తానన్నాడు. వచ్చే ఏడు ఊరికే వేసిస్తానన్నాడు. అన్నీ ఒప్పుకున్నాక, ఆ మొదటి నంబరు కాన్వాసు మాత్రం తనకు తిరిగి ఇప్పించమని అడిగాడు.

"మా నాన్నగారు సామ్రాజ్యం గారి మీద గెలుచుకున్నది అది. నన్నైనా ఇస్తారేమో గానీ దాన్నివ్వరు," అంది రిబ్కా.

అన్నాక ఆ మాట తనకే వినబడింది. శౌరికి కూడా వినబడింది. ఇద్దరూ చెరో రంగు డబ్బా వంక చూశారు.

ఆమె అసలు కష్టం చెప్పింది. ఇంటికి వచ్చినవాళ్ళంతా ఈ బొమ్మేంటి మాస్టారూ అని అడుగుతున్నారు. నాకు తెలియదు అన్న మాట సర్వీసు మొత్తంలో ఏసురత్నం గారి నోట రాలేదు. ఇప్పుడెలా వస్తుంది? పాలవాడికి అది సముద్రంలో రెండు ఓడలని చెప్పారు. పోస్టుమ్యానుకు ఉత్తర దక్షిణ ధ్రువాలన్నారు. ఆ ఇద్దరూ టీ కొట్లో కలుసుకున్నారు. కాబట్టి శౌరి వచ్చి ఆయనకు అసలు సంగతి చెప్పాలి. అదీ, ఆయనకు ముందే తెలిసినట్టుగా చెప్పాలి.

శౌరి శనివారం వాళ్ళింటికి వెళ్ళాడు. తలకు నూనె రాసుకుని, గోళ్ళ సందుల్లో రంగు కిరసనాయిలుతో కడుక్కుని వెళ్ళాడు. కిరసనాయిలు వాసన అతని కంటే ముందు లోపలికి నడిచింది. టీవీ అంటే ఏమిటో, అందులో ఆట ఏమిటో నోటితో చెప్పడానికి గంటసేపు చూశాడు. ఏసురత్నం గారు తెలిసినట్టే తలూపారు. ఏమీ తెలియలేదని అందరికీ అర్థమైంది. ఇక లాభం లేదని శౌరి ఎర్ర సిమెంటు గచ్చు మీద సుద్దముక్కతో పెద్ద గడి గీశాడు. రూళ్ళకర్రలు రెండు, గోలీ ఒకటి ఇమ్మన్నాడు. ఆ ఇంట్లో గోలీలకు కరువు లేదు. సర్వీసులో పిల్లల దగ్గర మాస్టారు లాక్కున్నవి డబ్బా నిండా ఉన్నాయి.

గడికి ఒక చివర శౌరి, ఇంకో చివర రిబ్కా కూర్చున్నారు. కర్రతో గోలీని అడ్డుకుని తిప్పికొట్టాలి, గీత దాటనిస్తే ఓటమి. కర్రకు తగిలినప్పుడల్లా మిషను టిక్కుమంటుందని శౌరి చెప్పాడు. ఆ బాధ్యత తనదన్నారు ఏసురత్నం గారు. పడక్కుర్చీలోంచి ముందుకు వంగి, గోలీ తగిలిన ప్రతిసారీ హెడ్మాస్టరు గొంతుతో "టిక్" అన్నారు.

తిరువూరులో మొట్టమొదటి వీడియో గేమ్ అలా జరిగింది. కరెంటు పోయినా ఆగలేదు.

రిబ్కా గెలిచింది. మళ్ళీ గెలిచింది. మూడో ఆటలో కర్ర కింద పెట్టేసి, కావాలని ఓడిపోతున్నారా అని నిలదీసింది. లేదన్నాడు శౌరి. నిజంగానే లేదు. గోలీ ఆమె వైపు వెళ్ళినప్పుడు అతని చూపు కూడా వెళ్ళేది. గోలీ తిరిగొచ్చేది, చూపు వచ్చేది కాదు.

"ఓడిపోవడం కూడా సరిగ్గా రాదు మీకు," అంది రిబ్కా. తల పక్కకు తిప్పుకుని నవ్వింది. ఆ సంగతి మేరమ్మ చూసి, కాఫీలో ఇంకో చెంచా పంచదార వేసింది.

ఆ శనివారం నుంచి ప్రతి శనివారం ఏసురత్నం గారికి ఆట గురించి ఏదో ఒక అనుమానం రావడం, అది తీర్చడానికి శౌరి వెళ్ళడం అలవాటైంది. ఆయన ఇప్పుడు వచ్చినవాళ్ళను గోడ ముందు నిలబెట్టి వీడియో గేమ్ గురించి పాఠం చెప్పేవారు. లోకం మొత్తం మీద ఇరవయ్యే ఉన్నాయని, మొదటిది తన దగ్గరుందని ముగించేవారు. లిమిటెడ్ అంటే రేషను పంచదార లాంటిదా అని ఎవరో అడిగితే, వాళ్ళకు కాఫీ ఇవ్వలేదు. సామ్రాజ్యం గారు ఒక మధ్యాహ్నం చెంగు కప్పుకుని శౌరి ఆర్ట్స్‌కు వచ్చి, రెండో నంబరు కొనుక్కుని వెళ్ళింది. ఆవిడ కొన్నదని డాక్టరు గారు, డాక్టరు గారు కొన్నారని ఇంకొకరు కొన్నారు. ఈస్టరు నాటికి శౌరి దగ్గర ఒక్కటీ మిగల్లేదు. బొమ్మ అర్థమై కొన్నవాళ్ళు ఎవరూ లేరు. అది కళకు మామూలే.

ఈస్టరు తర్వాత సామ్రాజ్యం గారు ఏసురత్నం గారింటికి ఒక సంబంధం తెచ్చింది. ఆవిడ అన్న కొడుకు, నూజివీడులో బ్యాంకు ఉద్యోగం. వాళ్ళూ ప్రొటెస్టెంట్లే, వీళ్ళూ ప్రొటెస్టెంట్లే. వంక పెట్టడానికి ఏమీ లేదు. వంక దొరక్క రిబ్కాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఏసురత్నం గారు బడులు తెరిచేలోగా జవాబు చెబుతానన్నారు.

ఆ శనివారం ఆట అయ్యాక, శౌరి చెప్పులు వేసుకుంటుంటే రిబ్కా వరండాలోకి వచ్చింది.

"నూజివీడు వెళ్ళిపోతానేమో నేను," అంది.

శౌరి చెప్పాల్సిన మాట ఒకటుంది. అది తప్ప మిగతావన్నీ నోటికొచ్చాయి.

"నూజివీడు మామిడిపళ్ళు బాగుంటాయండి," అన్నాడు.

రిబ్కా అతన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. "అవును. రసాలు," అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

శౌరి ఇంటికి వెళుతూ తనను తాను తిట్టుకున్న తిట్లు రిబ్కా విని ఉంటే మెచ్చుకునేది. అతని భయం మరీ అన్యాయమైంది కాదు. తను ఆర్.సి.ఎం., అంటే రోమన్ కేథలిక్కు, వాళ్ళు ప్రొటెస్టెంట్లు. ఒకే దేవుడు, ఒకే సిలువ, అయినా పెళ్ళి మాట వచ్చేసరికి రెండు చర్చిల మధ్య కృష్ణానది అడ్డం పడుతుంది. పైగా అవతల బ్యాంకు ఉద్యోగం. ఇవతల ఒక గది, చేతికి ఎప్పుడూ వదలని రంగు.

సరిగ్గా అప్పుడు వెంకటప్పయ్య గారు కబురు పెట్టారు. మొదట్లో బోరింగు పైపులన్న ఆయనకే ఇప్పుడు ఆ బొమ్మ కావాలి. తొలకరికి ఎరువులు కొన్న ప్రతి రైతుకూ ఒక గుడ్డ సంచి ఇస్తారట. దాని మీద రెండు కర్రలూ చుక్కా, కింద తమ కొట్టు పేరు. వేల సంచులు. గంపలగూడెం, విస్సన్నపేట కొట్లకు కూడా. ఆ పని చేస్తే శౌరి కొత్త గది కట్టుకోవచ్చు, అచ్చు మిషను కొనుక్కోవచ్చు, బ్యాంకు ఉద్యోగం పక్కన తలెత్తుకుని నిలబడొచ్చు. ఇరవైకి మించి వెయ్యనని ఊరందరికీ చెప్పిన మాట గుర్తొచ్చింది. సంచి మీద వేస్తే అది కాన్వాసు కాదుగదా అని తనకు తానే లాయరు పెట్టుకున్నాడు. సరేనని వచ్చి, స్టెన్సిల్ కోయడం మొదలుపెట్టాడు.

సాయంత్రం బస్సు దిగిన రిబ్కా గుమ్మం ముందు నుంచి వెళుతూ ఆగింది. వరండాలో ఆ మాట తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. బల్ల మీద కత్తిరిస్తున్న కాగితం చూసింది. రెండు కర్రలు అప్పటికే తెగాయి, చుక్క ఒక్కటే మిగిలింది.

ఏంటది అని అడిగింది. శౌరి దాచకుండా చెప్పాడు. ఆమె వింటున్నంతసేపూ ముఖంలో వెటకారం వెతికాడు. అది ఉంటే అతనికి ధైర్యంగా ఉండేది. లేదు.

"రోజూ ఆ గోడ ముందు నిలబడి మా నాన్న అందరికీ ఏం చెబుతారో మీకు తెలుసు," అంది రిబ్కా మెల్లగా. "రిటైరయ్యాక ఆయన మాట వినడానికి మనుషులు రావడం ఇదే మొదలు. రేపు యూరియా కొన్న ప్రతివాడి చేతిలో అదే బొమ్మ ఉంటే, ఆయనేం చెప్పుకోవాలి?"

"నాకు తెలుసండి."

"తెలిసి కోస్తున్నారా?"

శౌరి కత్తి కింద పెట్టాడు. "మీ నాన్నగారిని ఒకటి అడగాలి నేను. ఒట్టి చేతుల్తో వెళ్ళి ఎలా అడగను? అసలే మేం ఆర్.సి.ఎం. చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా."

ఆ ఒకటి ఏమిటో రిబ్కా అడగలేదు.

"ఆయన్ని మోసం చేసి సంపాదించి, దాన్ని చూపించి ఆయన్నే అడుగుతారు. బాగుంది," అంది. "అడగడానికి నోరుంటే చాలండి. అది మీకు ఎటూ లేదు."

ఆమె వెళ్ళాక శౌరి ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. మర్నాడు పొద్దున్నే వెంకటప్పయ్య గారి దగ్గరికి వెళ్ళి, ఇరవైకి మించనని మాస్టారుకి మాటిచ్చానని, ఈ బొమ్మ తప్ప ఏదైనా వేసిస్తానన్నాడు. కంకులు వేస్తానన్నాడు, నాగలి వేస్తానన్నాడు. కంకులూ నాగళ్ళూ రైతులు పొలంలో రోజూ చూస్తున్నారని, సంచి మీద కూడా ఎందుకని ఆయన విసుక్కున్నారు. ఇంట్లో అంతోనమ్మ కొడుకు చెప్పింది విని, పాపార్టు చేసినవాడికి ఇప్పుడు పుణ్యం గుర్తొచ్చిందా అని తల కొట్టుకుంది.

మంచి పని చేసినవాడికి మంచి జరగాలి. తిరువూరులో అలా జరగలేదు. వెంకటప్పయ్య గారు డాక్టరు గారింటి కాన్వాసు ఒక రోజుకు అరువు తీసుకుని విజయవాడ పంపించారు. అక్కడ ఎవరో చూసి గీసి, అచ్చేసి, తొలకరికి వేల సంచులు దించారు. ఊళ్ళో ఎవరి చేతిలో చూసినా రెండు కర్రలూ ఒక చుక్కా. వాటిలో వంకాయలు వచ్చేవి, మేకపిల్లల కోసం రొట్ట వచ్చేది. శౌరి త్యాగం వల్ల ఒరిగిందల్లా, ఆ డబ్బు విజయవాడకు పోవడం.

ఏసురత్నం గారు ఆ సంచిని మొదటిసారి బస్టాండులో చూశారు. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. ఆయన ముఖం ఎర్రబడింది. శౌరి ఆర్ట్స్ వైపు తిరిగి నాలుగడుగులు వేశారు. కానీ సంచి మీద ఉన్నది వెంకటప్పయ్య పేరు కాబట్టి, ముందు అక్కడ తేల్చుకుందామని ఎరువుల కొట్టుకు వెళ్ళారు. ఆ కుర్రాడి చేత మాట తప్పించింది మీరేనా అని నలుగురిలో అడిగారు.

వెంకటప్పయ్య గారికి అసలే మంట. ఎవడు మాట తప్పాడండీ అని ఎదురు తిరిగారు. వేల సంచుల పని ఇస్తానంటే వద్దన్నాడు, మాస్టారుకి మాటిచ్చానంటాడు, వాడి మూలాన నేను విజయవాడ దాకా పోవాల్సొచ్చింది, ఆ తలతిక్కవాణ్ణి మీ దగ్గరే ఉంచుకోండి అన్నారు. తిట్టాననుకున్నారు ఆయన.

ఏసురత్నం గారు కొట్టు మెట్లు దిగారు. తర్వాత ఇంటికి వెళ్ళి భార్యతో మాట్లాడారు. మేరమ్మ తనకు ఎప్పుడో తెలిసినదంతా, ఇప్పుడే తెలిసినట్టు చెప్పింది. ఆ తర్వాత నూజివీడు సంబంధం వద్దన్నప్పుడు సామ్రాజ్యం గారు కోపగించుకుంది గానీ, రెండో నంబరు కాన్వాసు మాత్రం గోడ మీద నుంచి దించలేదు.

సంచులు చూసిన రోజు సాయంత్రమే మాస్టారు శౌరి ఆర్ట్స్ గుమ్మంలోకి రాగానే శౌరి లేచి నిలబడ్డాడు. సంచులు తను వెయ్యలేదని చెప్పబోయాడు. ఏసురత్నం గారు చెయ్యెత్తి ఆపారు.

"నన్ను ఏదో అడగాలన్నావట. అడుగు."

శౌరి నోరు తెరిచాడు. మామిడిపళ్ళు రాలేదు, దేవుడి దయ.

"రిబ్కా గారిని నాకిచ్చి పెళ్ళి చెయ్యండి మాస్టారు. మేం ఆర్.సి.ఎం. అండి. నా దగ్గర ఈ గది తప్ప ఏం లేదు."

"గదేం చేసుకుంటాను నేను," అన్నారు ఏసురత్నం గారు. "మీ అమ్మగారిని ఆదివారం రమ్మను."

అంతోనమ్మ వచ్చింది. మాస్టారు గారూ అంటూ కూర్చుని, అన్నయ్యగారూ అంటూ లేచింది. పెళ్ళి ఏ చర్చిలో అన్న దాని మీద రెండు వారాలు చర్చలు నడిచాయి. ఫాదర్ గారూ పాస్టరు గారూ ఒకరింట్లో ఒకరు కాఫీ తాగారు. ఎవరో ఏదో పర్మిషను రాయించారు. ఒక చర్చిలో పెళ్ళి, ఇంకో చర్చిలో ప్రార్థన అని తేలింది. అందరూ అందరినీ అడిగారు. అందరూ ఒప్పుకున్నారు.

సోమవారం పొద్దున శౌరి సంబరంగా బస్టాండులో ఎదురైతే, రిబ్కా ముఖం తిప్పుకుని ఎ.కొండూరు బస్సెక్కింది. అతను కంగారుపడి వెనకే ఎక్కాడు. జూలై వాన కిటికీల రేకుల మీద వాయిస్తోంది. బస్సు కదిలింది.

"ఏమైందండి?" అన్నాడు కడ్డీ పట్టుకుని ఊగుతూ.

"ఏం కాలేదు. మీరు మా నాన్నగారిని అడిగారు. మీ అమ్మగారు మా అమ్మని అడిగారు. పాస్టరు గారిని, ఫాదర్ గారిని అడిగారు. వెంకటప్పయ్య గారిని కూడా అడిగారేమో. పెళ్ళి నాకని విన్నాను. నన్నెవరూ అడిగినట్టు లేదు."

చుట్టుపక్కల సీట్లన్నీ ఇటు తిరిగాయి. కండక్టరు వచ్చి టికెట్ ఎక్కడికన్నాడు. ఆవిడ ఎక్కడ దిగితే అక్కడికన్నాడు శౌరి. కండక్టరు ఇద్దరినీ చూసి, టికెట్ కొట్టి, కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

శౌరి గొంతు తగ్గించడానికి చూశాడు. బస్సు గొంతు ఎక్కువగా ఉంది. చివరికి అందరికీ వినబడేలాగే అన్నాడు. "మీరంటే నాకు ఇష్టమండి. మొదటి రోజు మీరు గొడుగు విప్పుకుని వెళ్ళినప్పట్నుంచి. నన్ను చేసుకుంటారా?"

రిబ్కా కిటికీ వైపు తిరిగింది. రేకు దించేసి ఉంది, చూడ్డానికేమీ లేదు. అయినా ఎ.కొండూరు వచ్చేదాకా దాన్నే చూసింది. దిగేటప్పుడు మాత్రం, సాయంత్రం బడి వదిలాక చెబుతాను అంది.

కండక్టరు నిట్టూర్చి రైట్ అన్నాడు.

శౌరి బడి ఎదురుగా కానుగ చెట్టు కింద నిలబడ్డాడు. వాన తగ్గినట్టే తగ్గి మళ్ళీ పట్టుకుంది. టీ కొట్టువాళ్ళు లోపలికి రమ్మన్నారు. అక్కణ్ణించి బడి కిటికీ కనబడదని వెళ్ళలేదు. మధ్యాహ్నానికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. లోపల ఎక్కాలు చెప్పిస్తున్న రిబ్కా, ఎక్కం మధ్యలో ఆగి కిటికీ దగ్గరికి వచ్చి వెళ్ళడం పిల్లలు గమనించారు. పదమూడో ఎక్కం ఆ రోజు వాళ్ళకు సరిగ్గా రాలేదు.

బడి వదిలారు. పిల్లలు పలకలు తల మీద పెట్టుకుని వానలోకి పరిగెత్తారు. వాళ్ళ వెనక రిబ్కా మెట్లు దిగి, గొడుగు విప్పి, రోడ్డు దాటి కానుగ చెట్టు కిందికి వచ్చింది. నీళ్ళు కారుతున్న అతని జుట్టు వంక చూసింది. ఏదో అనబోయి మింగేసింది. గొడుగు పైకెత్తి, అతని తల మీదకు జరిపింది.

"ఇలా తడిసి జ్వరం తెచ్చుకుంటే," అంది, "పెళ్ళికి నా పక్కన ఎవర్ని నిలబెట్టుకోమంటారు?"